ఆయిల్ ఎందుకు తగ్గింది?

మెకానికల్ డిప్లొమానో బీటెక్కో చేస్తున్నారా? అయితే మీకో ప్రశ్న. ‘ఫ్లూయిడ్ కప్లింగ్ అంటే ఏమిటి?’ జవాబు ఏ గైడులోనైనా దొరుకుతుంది. ఇంజిన్ తిప్పే శక్తిని ద్రవం సాయంతో గేర్‌బాక్సుకు చేరవేసే పరికరం. బాగుంది. మరి రెండో ప్రశ్న. ‘అందులో ఆయిల్ తగ్గింది. ఏం చేస్తారు?’ ‘పోస్తాం సార్.’ ‘ఎంత పోస్తారు?’ ‘నిండా పోస్తాం.’

చిక్కంతా ఇక్కడే. అందులో ఆయిల్ నిండా పోయకూడదు. ఎందుకు పోయకూడదో చెప్పగలిగితే మీకు పరికరం తెలిసినట్టు. చెప్పలేకపోతే నిర్వచనం మాత్రమే తెలిసినట్టు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే చాలాసార్లు ఉద్యోగం వచ్చినవారికీ రానివారికీ మధ్య తేడా అవుతుంది. దాన్ని చూపించడానికి తొంభై ఏళ్ల కిందటి ఓ బ్రిటిష్ కారు దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్తాను. ‘పాత కారుతో మాకేం పని?’ అనకండి. మీది కామర్స్ అయినా, కోడింగ్ అయినా సరే, చివరిదాకా రండి.

క్లచ్ లేని కారు

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో డైమ్లర్ అనే కార్ల కంపెనీ ఉండేది. 1896లో మొదలైంది. పేరు జర్మన్ ఇంజినీర్ గాట్లీబ్ డైమ్లర్‌దే అయినా, మనకు తెలిసిన మెర్సిడెస్ బెంజ్ కంపెనీ వేరు, ఇది వేరు. బ్రిటిష్ రాజకుటుంబం చాలాకాలం వాడిన కార్లు ఈ డైమ్లర్‌వే. ఆ రోజుల్లో గేరు మార్చడం ఓ విద్య. క్లచ్ వదలడంలో కాస్త తేడా వచ్చినా బండి ఎగిరి దూకేది, గేర్లు కీచుమనేవి. వెనక సీట్లో దొరలూ దొరసానులూ కూర్చున్న బండికి అది మర్యాద కాదు.

పరిష్కారానికి మూలం కార్లలో లేదు, ఓడల్లో ఉంది. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజినీరు ఓడల టర్బైన్లను ప్రొపెల్లర్లకు కలపడానికి ద్రవంతో పనిచేసే పరికరాలు రూపొందించి, 1905లో పేటెంటుకు వెళ్లాడు. ఆ ఊహను హెరాల్డ్ సింక్లెయిర్ అనే బ్రిటిష్ ఇంజినీరు రోడ్డు మీది బండ్లకు అన్వయించాడు. డైమ్లర్ దానికి వాల్టర్ గార్డన్ విల్సన్ తయారుచేసిన ప్రీసెలెక్టర్ గేర్‌బాక్సును జతచేసి, 1930లో తన కార్లలోకి తెచ్చింది. ఈ విల్సన్ మామూలు మనిషి కాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తొలి యుద్ధట్యాంకుల రూపకల్పనలో విలియం ట్రిటన్‌తో కలిసి పనిచేసినవాడు.

ఈ బండిలో క్లచ్ పెడల్ ఉండదు. స్టీరింగ్ దగ్గరున్న చిన్న లీవరుతో ముందుగా గేరు ఎంచుకుంటారు. మారాల్సిన సమయంలో ఎడమ పెడల్ నొక్కి వదులుతారు, అంతే. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉన్నదల్లా ఆయిలే. డైమ్లర్ వాళ్లు దానికి పెట్టిన పేరు ఫ్లూయిడ్ ఫ్లైవీల్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం నడిపిన డైమ్లర్ డింగో అనే చిన్న స్కౌట్ కారులోనూ ఇదే. లండన్ వీధుల్లో దశాబ్దాలు తిరిగిన ఎర్రటి డబుల్ డెక్కర్ బస్సుల్లోనూ ఇలాంటి కప్లింగే. సంపన్నుల కోసం వచ్చిన సౌకర్యం బస్సు డ్రైవరు ఎడమ కాలికి విశ్రాంతి ఇచ్చిందన్నమాట.

గారెను రెండుగా కోస్తే

దీని లోపలి ఆకారం తెలియాలంటే మధ్యలో చిల్లున్న గారెను తలచుకోండి. దాన్ని పూరీలా అడ్డంగా రెండు పొరలుగా కోసి, రెండు ముక్కల లోపలి భాగాన్ని తొలిచి, కేంద్రం నుంచి అంచుకు వెళ్లేలా రెక్కలు అమర్చండి. మళ్లీ ఎదురెదురుగా పెట్టండి, కానీ ఒకదాన్నొకటి తాకకూడదు. ఒక ముక్క ఇంజిన్‌తో తిరుగుతుంది. రెండోది గేర్‌బాక్సు షాఫ్టుకు బిగించి ఉంటుంది. మొత్తాన్ని ఓ మూసిన గదిలో పెట్టి ఆయిల్ పోస్తారు.

ఇంజిన్ తిరిగేకొద్దీ మొదటి ముక్కలోని ఆయిల్ అంచుకు విసిరినట్టు పోయి, ఎదురుగా ఉన్న రెక్కలను తాకి రెండో ముక్కను తిప్పుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ తోపుడు బండిని కదిలించేంత ఉండదు, మహా అయితే బండి కాస్త పాకుతుంది. వేగం పెరిగితే తోపుడు వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే పట్టు నాలుగింతలు. అందుకే బండి కుదుపు లేకుండా, పడవ ఒడ్డు వదిలినట్టు కదులుతుంది.

రెండు ముక్కలూ సరిగ్గా ఒకే వేగంతో మాత్రం ఎప్పుడూ తిరగవు. తిరిగితే ఆయిల్ ఇటు నుంచి అటు పోయే అవసరమే ఉండదు, శక్తి చేరదు. ఈ వేగాల తేడానే స్లిప్ అంటారు. ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే రెండో ముక్క 1,940 తిరిగిందనుకోండి, స్లిప్ 3 శాతం. ఇంకో మాట. కప్లింగ్ టార్క్‌ను పెంచదు, వచ్చినంతే ఇస్తుంది. రెండు ముక్కల మధ్య స్టేటర్ అనే మూడో చక్రం పెడితేనే టార్క్ పెరుగుతుంది. అప్పుడది టార్క్ కన్వర్టర్, ఇప్పటి ఆటోమేటిక్ కార్లలో చాలావాటిలో ఉండేది. ఇంటర్వ్యూల్లో ఈ రెంటికీ తేడా అడిగితే ఈ ఒక్క వాక్యం చాలు.

పోయడానికీ ఓ పద్ధతి

ఇప్పుడు ఆయిల్ తగ్గింది. పాత డైమ్లర్ యజమాని ఏం చేస్తాడు?

బండిని చదునైన నేల మీద ఆపుతాడు. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెడతాడు. గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూస్తాడు, ఇగ్నిషన్ ఆపుతాడు, ఇంజిన్ చల్లారేదాకా ఆగుతాడు. వేడిమీద ప్లగ్ విప్పితే లోపలి ఒత్తిడికి ఆయిల్ మొహం మీదికి చిమ్మొచ్చు. తర్వాత కాళ్ల దగ్గరున్న ఫ్లోర్ బోర్డు తీస్తాడు. కింద ఫ్లైవీల్ కనిపిస్తుంది. దాని అంచున చిన్న ఫిల్లర్ ప్లగ్. అది తిరిగే చక్రం మీద ఉంది కాబట్టి మనకు కావలసిన చోటికి రావాలంటే ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పాలి. ప్లగ్ ఏ కోణంలో ఆగాలో ఆ మోడల్ మాన్యువల్ చెబుతుంది.

ఈ కోణంలోనే అసలు కిటుకుంది. ఇక్కడ డిప్‌స్టిక్ లేదు, గేజీ లేదు. రంధ్రం ఎంత ఎత్తులో ఆగిందో ఆయిల్ అంతవరకే నిలుస్తుంది, ఎక్కువైతే బయటికి వస్తుంది. అంటే కొలత పాత్ర ఆ రంధ్రమే. కోణం తప్పితే కొలత తప్పుతుంది. నేల ఏటవాలుగా ఉన్నా కొలత తేడా వస్తుంది. ‘చదునైన నేల’ అన్న మాట మాన్యువల్లో మర్యాదకు రాసింది కాదు.

ప్లగ్ విప్పేముందు చుట్టూ ఉన్న మట్టి తుడుస్తాడు. ప్లగ్ గానీ వాషర్ గానీ జారి కింది గదిలో పడకుండా చుట్టూ గుడ్డ కూరుతాడు. సూచించిన ఆయిలే పోస్తాడు. ‘చిక్కటి గేర్ ఆయిల్ అయితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కదా’ అనిపిస్తుంది గానీ అది పొరపాటు. ఇక్కడ పనిచేసేది ఆయిల్ జిగట కాదు, దాని కదలిక. చిక్కటి ఆయిల్ సాఫీగా తిరగదు. పైగా కొన్ని ఆయిళ్లలోని రసాయనాలు పాత సీళ్లకు పడవు. లోపలి గాలి బయటికి రావాలి కాబట్టి సన్నటి ధారగా, ఆగి ఆగి పోస్తాడు. కొత్త వాషర్ వేసి ప్లగ్ బిగిస్తాడు. అది వదులైతే వేల చుట్లు తిరిగే చక్రం నుంచి ఊడి వస్తుంది. కూరిన గుడ్డలు ఎన్నో అన్నీ బయటికి వచ్చాయా అని లెక్క చూస్తాడు. ఆఖరున ఓ పాత నోటుపుస్తకం తీసి తేదీ, తిరిగిన మైళ్లు, పోసిన ఆయిల్ ఎంతో రాస్తాడు.

ఈ ఆఖరి పనిని చాలామంది పనిగా లెక్కపెట్టరు. నా దృష్టిలో మొత్తంలో విలువైనది అదే. కారణం చెబుతాను.

తక్కువైతే ఒకటి, ఎక్కువైతే ఇంకొకటి

ఆయిల్ తక్కువైతే పట్టు తగ్గుతుంది, స్లిప్ పెరుగుతుంది. ఇంజిన్ గోల చేస్తుంది గానీ బండి లాగదు. లెక్క వేయండి. ఇంజిన్ నుంచి 50 కిలోవాట్లు వస్తున్నాయనుకుందాం. స్లిప్ 3 శాతమైతే 1.5 కిలోవాట్లు వేడిగా మారతాయి. స్లిప్ 10 శాతానికి పెరిగితే ఆ వేడి 5 కిలోవాట్లు. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు రెండున్నర ఆ చిన్న గదిలో వెలిగించినట్టు. ఆయిల్ పాడవుతుంది, సీళ్లు గట్టిపడి పగుళ్లిస్తాయి, మరింత ఆయిల్ కారుతుంది, స్లిప్ ఇంకా పెరుగుతుంది. ఒకదాన్నొకటి తరుముతాయి.

నిండా పోస్తే? ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది. కొంత ఖాళీ వదలకపోతే ఆ ఒత్తిడి సీళ్ల మీద పడుతుంది. బాగున్న సీలు కూడా కారడం మొదలెడుతుంది. ‘ఎందుకైనా మంచిదని కాస్త ఎక్కువ పోశా’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇంజిన్‌లో ఆయిల్ తగ్గితే కొంత కాలిపోయిందనుకోవచ్చు. ఇది మూసిన గది. కాలే దారి లేదు. తగ్గిందంటే ఎక్కడో కారిందనే. ప్లగ్ వాషరా? రెండు అర్ధభాగాల అతుకా? షాఫ్టు బయటికి వచ్చే చోట ఉండే గ్లాండా? నేల మీద చుక్కలు కనిపిస్తే అవి కప్లింగ్‌వేనని ఖాయమా? ఇంజిన్ వెనక సీలు నుంచీ కారొచ్చు, గేర్‌బాక్సు నుంచీ కారొచ్చు. ముగ్గురు అనుమానితులు, ఒకటే మరక. ఏ గదిలో మట్టం తగ్గుతోందో చూసుకుంటూ పోతేనే దొంగ దొరుకుతాడు. ఆరు నెలలకోసారి గరిటెడు పట్టేది ఇప్పుడు నెలకే పడుతోందని చెప్పేది ఆ నోటుపుస్తకమే. పుస్తకం లేనివాడికి ప్రతి టాప్‌అప్ మొదటిదే.

మన ఫ్యాక్టరీల్లో ఇదే పరికరం

‘ఇంత చదివినా డైమ్లర్ మా ఊళ్లో లేదు కదా’ అంటారా? డైమ్లర్ లేదు. కప్లింగ్ ఉంది. బొగ్గు గనుల్లో, థర్మల్ కేంద్రాల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో పొడవాటి బెల్ట్ కన్వేయర్ల దగ్గర మోటారుకూ గేర్‌బాక్సుకూ మధ్య చూడండి. ఈ గారెలాంటి పరికరమే చాలాచోట్ల కనిపిస్తుంది. బెల్టు మీద టన్నుల కొద్దీ సరుకు ఉండగా మోటారు ఒక్కసారిగా లాగితే మోటారుకూ బెల్టుకూ దెబ్బ. మధ్యలో ఆయిల్ ఉంటే మోటారు ముందు తేలిగ్గా వేగం పుంజుకుని, తర్వాత బెల్టును కదిలిస్తుంది. ఇక్కడా ఆయిల్ మట్టాన్ని చాలా మోడళ్లలో ప్లగ్ ఆగే కోణంతోనే కొలుస్తారు. పెద్ద విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ ఫీడ్ పంపు వేగాన్ని మార్చాలంటే కప్లింగ్ లోపలి ఆయిల్ పరిమాణాన్నే పెంచి తగ్గించే ఏర్పాటు ఉంటుంది. అంటే ‘ఆయిల్ తగ్గితే ఏమవుతుంది?’ అన్నది అక్కడ జబ్బు కాదు, నియంత్రణ పద్ధతి.

పారిశ్రామిక కప్లింగ్‌కు ఇంకో ప్లగ్ ఉంటుంది. ఫ్యూజిబుల్ ప్లగ్. బెల్టు ఇరుక్కుపోతే స్లిప్ నూరు శాతానికి చేరి ఆయిల్ మరుగుతుంది. నిర్ణీత ఉష్ణోగ్రత రాగానే ఈ ప్లగ్‌లోని లోహం కరిగి ఆయిల్ బయటికి పోతుంది, మోటారు బెల్టును లాగడం మానేస్తుంది. ఇంట్లో ఫ్యూజు వైరు లాంటిదే.

ఇప్పుడు మీరు కొత్తగా చేరిన జూనియర్ ఇంజినీరు అనుకోండి. నైట్ షిఫ్టు. వారంలో మూడోసారి ప్లగ్ కరిగింది. కన్వేయర్ ఆగింది. పైనుంచి ఫోన్లు. అనుభవం ఉన్న ఒకాయన, ‘ఈ గోలెందుకు బాబూ, ఆ రంధ్రంలో ఓ బోల్టు బిగించి ఆయిల్ పోసెయ్, తెల్లారేదాకా నడుస్తుంది’ అంటాడు. నిజమే, నడుస్తుంది. కానీ ప్లగ్ ఎందుకు కరుగుతోందో ఎవరూ చూడలేదు. ఆయిల్ తక్కువుందా? బెల్టు ఎక్కడైనా రాసుకుంటోందా? రోలర్ బిగిసిందా? బోల్టు బిగించాక మళ్లీ ఇరుక్కుంటే వేడికి పోయే దారి లేదు. మరిగే ఆయిల్ మూసిన లోహపు గదిలో, పక్కనే బొగ్గు పొడి, దగ్గర్లో మనుషులు.

ఆ రాత్రి మీరు ‘వద్దన్నా’ అనగలగాలి. ఒట్టి ధైర్యంతో అనలేరు. ఎందుకు వద్దో రెండు వాక్యాల్లో ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పగలిగితేనే మీ మాట నిలుస్తుంది. నిర్వచనం బట్టీపట్టినవారి దగ్గర ఆ రెండు వాక్యాలు ఉండవు. చదువు విలువ మార్కుల మెమోలో కంటే ఇలాంటి రాత్రుల్లో తెలుస్తుంది.

ఉద్యోగాల లెక్క

మెయింటెనెన్స్ అంటే మనలో చాలామందికి చిన్నచూపు. ‘డిజైన్‌లో చేస్తున్నాడు’ అంటే గౌరవం, ‘మెయింటెనెన్స్’ అంటే ‘అలాగా’. బీటెక్ చదివి చేతికి గ్రీజు అంటించుకోవడమా అని ఇంట్లోవాళ్లు కూడా అంటారు. జీతాల తేడా నిజమే, షిఫ్టుల కష్టమూ నిజమే. వాటిని కాదనడం లేదు. కానీ కొత్త ఫ్యాక్టరీ ఒకసారి కడతారు, తర్వాత ముప్ఫై నలభై ఏళ్లు దాన్ని నడిపించాలి. ఆ నలభై ఏళ్లూ మనుషులు కావాలి.

పాత కార్ల రంగమే మన దగ్గర పెద్ద ఉద్యోగ మార్కెట్ అని చెబితే అబద్ధమవుతుంది. చిన్నదే. అయినా ఓ రూపం ఏర్పడుతోంది. 50 ఏళ్లు దాటిన బండ్లను ‘వింటేజ్’గా నమోదు చేసుకునే నిబంధనలను కేంద్రం 2021లో తెచ్చింది. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ఇంగ్లండ్‌లో బైసెస్టర్ దగ్గర ఓ పాత వైమానిక స్థావరంలో పాతకాలపు బండ్ల పని నేర్పే అప్రెంటిస్‌షిప్పులు నడుస్తున్నాయి. ఆ పని తెలిసిన పెద్దతరం వెళ్లిపోతుంటే, తెలిసిన చేతులకు గిరాకీ ఉంటుందని అక్కడివాళ్లు గుర్తించారు. మీరు డైమ్లర్ మెకానిక్ కావాలని నేను అనడం లేదు. ఒక వస్తువును అంత లోతుగా తెలుసుకునే అలవాటు చేసుకోమంటున్నాను. ఆ అలవాటు కన్వేయర్ దగ్గరా పనికొస్తుంది, సర్వర్ గదిలోనూ పనికొస్తుంది. పదే పదే రీస్టార్ట్ చేస్తే నడిచే ప్రోగ్రామ్‌కు కూడా ఎక్కడో ఏదో కారుతున్నట్టే.

మీ చదువుకూ ఇదే వర్తిస్తుంది. ఇంటర్వ్యూ పోయిందంటే ఓ కోర్సు. ఇంకోటి పోతే ఇంకో కోర్సు. సర్టిఫికెట్లు పెరుగుతాయి, ఫలితం అక్కడే ఉంటుంది. చిల్లుకుండలో ఎన్ని బిందెలు పోస్తే ఏం లాభం? పోసే ముందు చిల్లెక్కడో చూడండి. రాత పరీక్షలో పోతోందా, టెక్నికల్ రౌండులోనా, హెచ్‌ఆర్ దగ్గరా? టెక్నికల్‌లో అయితే మొదటి ప్రశ్నకా, ‘ఎందుకు?’ అనే రెండో ప్రశ్నకా? వెళ్లొచ్చిన ప్రతి ఇంటర్వ్యూ గురించి తేదీ వేసి నాలుగు వాక్యాలు రాసుకోండి. అయిదో ఇంటర్వ్యూకల్లా మీ మరక ఎక్కడి నుంచి వస్తోందో ఆ కాగితాలే చెబుతాయి. అప్పుడు చేసే కోర్సుకు వేలు పోసినా అర్థముంటుంది.

ఈ వారం చేయగలిగిన పని

మీ ఊళ్లో లారీల షెడ్డో, రైస్ మిల్లో, ఆర్టీసీ డిపో దగ్గర ప్రైవేటు గ్యారేజో ఉండే ఉంటుంది. ఓ సాయంత్రం వెళ్లండి. పని చేస్తున్న మేస్త్రీకి అడ్డం పడకుండా పక్కన నిలబడండి. ఆయన ఖాళీ అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ యంత్రంలో ఏది తరచూ తగ్గుతుంది? ఎంతవరకు పోయాలో మీకెలా తెలుస్తుంది? తగ్గడానికి కారణం ఎలా పట్టుకుంటారు? ఆయన జవాబులో టెక్స్ట్‌బుక్ పదాలు ఉండకపోవచ్చు. ఇంటికొచ్చి ఆ జవాబును మీ సిలబస్ భాషలోకి మార్చుకోండి. ఆయన ‘అది వేడెక్కి ఉబ్బుతుందయ్యా’ అన్నది మీ పుస్తకంలో వ్యాకోచ గుణకం. ఆయన ‘పట్టు జారుతోంది’ అన్నది మీ స్లిప్.

రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్’ అని అందరూ రాస్తారు. ఒక యంత్రం పేరు రాసి, ‘ఇందులో ఆయిల్ ఎందుకు తగ్గుతుందో కనుక్కున్నాను’ అని రాసేవారు తక్కువ. ఆ వాక్యం చూసిన పెద్దమనిషి తప్పకుండా దాని గురించే అడుగుతారు. మీకు బాగా తెలిసిన విషయం మీద ఇంటర్వ్యూ సాగితే అంతకంటే ఏం కావాలి!